ఒక టీఎంసీని ఎక్కడ పెడదాం? నగరం భరించాలా, పల్లె భరించాలా: ఏది మేలు?

ఈశాన్య రుతుపవనాలు మొదలైతే చాలు, చెన్నైలో మా కొళత్తూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "వరద నీళ్లను అటు పల్లెల వైపు మళ్లించేస్తే పోదా? ఇంత పెద్ద ఊరు మునగడం కంటే నయం కదా?" అడిగేవాళ్లు రాతి గుండెవాళ్లేం కాదు. 2015 డిసెంబరులో సైదాపేట, కొట్టూరుపురం ఇళ్లలోకి అడయారు నది ఎలా వచ్చిందో చూసినవాళ్లు. నాకు తిరువళ్లూరు జిల్లా ఊత్తుకోట వైపు చుట్టాలున్నారు కాబట్టి ఇదే ప్రశ్న అటు నుంచీ వస్తుంది, కాకపోతే తిరగబడి: "మీ పట్నం కోసం మా మీదికి వదిలేశారా?" ఏటా ఇద్దరికీ ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే ఒకసారి కూర్చుని రాసేద్దామనుకున్నాను.

మళ్లించడం అంటే చాలామంది ఎక్కడో కట్టకు గండి కొట్టడాన్ని ఊహించుకుంటారు. చెన్నైలో అది చాలా మామూలుగా, షట్టర్లతో జరిగే పని. కేశవరం ఆనకట్ట దగ్గర కూవం, కుశస్థలి నదులు విడిపోతాయి. కూవం నగరం నడిబొడ్డు మీదుగా పోతుంది. కుశస్థలి ఉత్తరం వైపు పూండి జలాశయంలో చేరుతుంది. పూండి నిండితే మిగులు తామరైపాక్కం, కారనోడై, వల్లూరు మీదుగా మనలి పుదునగర్ పక్క నుంచి ఎన్నూరు దగ్గర సముద్రంలో పడుతుంది. నెల్లూరు వెళ్లేటప్పుడు హైవే మీద కారనోడై వంతెన దాటుతాం చూడండి, ఆ కింద పారేది ఇదే. కేశవరంలో కుశస్థలి వైపు పంపిన ప్రతి క్యూసెక్కూ (సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) ఎగ్మోరు, చింతాద్రిపేటల పక్క నుంచి పోదన్నమాట. ఎవరిని కాపాడుతున్నామో, ఎవరి మీదికి తోస్తున్నామో ఆ షట్టరు దగ్గరే తేలిపోతుంది. దానికి ఎవరి ఓటూ అడగరు.

ముందు లెక్క చూద్దాం. దారులన్నిటినీ ఒకే కొలతతో పోల్చకపోతే ఇది ఉత్త వాదులాటగా మిగిలిపోతుంది. నా కొలత ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. అడయారులోకి నీళ్లు వదిలే చెంబరంబాకం జలాశయం మొత్తం పట్టేది 3.645 టీఎంసీలు, పూండి పట్టేది 3.231. 2015 డిసెంబరు 1న చెంబరంబాకం నుంచి అధికారికంగా వదిలిన గరిష్ఠ నీరు 29,000 క్యూసెక్కులు. ఆ వేగంతో నీళ్లు వచ్చి పడుతుంటే, జలాశయంలో ఒక టీఎంసీ ఖాళీ ఉంటే మనకు దక్కేది సుమారు తొమ్మిదిన్నర గంటలు. ఆలోగా ఒక్క చుక్క వదలక్కర్లేదు. అర్ధరాత్రి రావాల్సిన నీరు పొద్దున తొమ్మిదింటికి వస్తుంది. చీకట్లో ముసలివాళ్లను మేడ ఎక్కించడానికీ, పగటి వెలుగులో బస్సు ఎక్కించడానికీ ఉన్న తేడా అది.

అదే ఒక టీఎంసీని పొలాల్లో మూడడుగుల లోతున నిలబెడితే 7,650 ఎకరాలు కావాలి. నగరం తాగే లెక్కలో చూస్తే, రోజుకు సుమారు వంద కోట్ల లీటర్ల సరఫరా చొప్పున అది నాలుగు వారాల నీళ్లు.

కాబట్టి ప్రశ్న నిజానికి ఇది: తొమ్మిదిన్నర గంటలు కొనుక్కోవడానికి నగరం నాలుగు వారాల తాగునీటిని పణంగా పెట్టాలా, పల్లెలు ఏడున్నర వేల ఎకరాల పంటను పణంగా పెట్టాలా?

మొదటి దారి, అంటే జలాశయాన్ని ముందే కొంత ఖాళీ చేయడం, చెప్పినంత తేలిక కాదు. ఎవరికీ ఇబ్బంది లేకుండా 2,000 క్యూసెక్కుల చొప్పున వదిలితే ఒక టీఎంసీ దిగడానికి ఆరు రోజులు పడుతుంది. తుపాను ఎటు తిరుగుతుందో ఆరు రోజుల ముందు గట్టిగా చెప్పేవాళ్లు లేరు. 2023లో మిచాంగ్ తుపాను మన తీరం పక్కనే రెండు రోజులు కూర్చుని చెన్నైని ముంచి, చివరికి బాపట్ల దగ్గర తీరం దాటింది. జలాశయం మీద కూర్చున్న ఇంజినీరు టెన్షన్ కూడా అర్థం చేసుకోవాలి. వదిలేశాక వాన రాకపోతే 2019 గుర్తొస్తుంది. ఆ వేసవిలో జలాశయాలు ఎండి, జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెప్పించుకున్నాం. నిండుగా ఉంచినవాడిని వరద వచ్చేదాకా ఎవరూ తిట్టరు. ఖాళీ చేసినవాడిని వాన తప్పిన మర్నాటి నుంచే తిడతారు. 2015 వరదను కాగ్ నివేదిక మనుషులు చేసిన విపత్తు అంది. అయినా ఈ భయం పోలేదు. కాకపోతే కొంత మారింది: ఇప్పుడు చెంబరంబాకంలో 24 అడుగుల నిండు మట్టం దాకా ఆగకుండా 21, 22 అడుగుల దగ్గరే కొద్దికొద్దిగా వదలడం మొదలుపెడుతున్నారు.

ఇంకో పరిమితీ ఉంది. అడయారులోకి వచ్చేదంతా చెంబరంబాకం నీరు కాదు. తాంబరం పక్క మణిమంగళం, ఆదనూరు చెరువుల నుంచి అలుగు పారే నీటికి ఏ గేటూ లేదు. అంటే జలాశయంలో ఎంత చోటు ఉంచినా కొంత వరద తప్పదు.

రెండో దారి, ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్నది: పట్టినంత పట్టి, ఆఖరి గంటలో గేట్లు ఎత్తి, ఎవరి మీదికి పోతే వాళ్ల మీదికి పంపడం. 2021 నవంబరులోనూ, 2023 డిసెంబరులోనూ కుశస్థలి పొంగి మనలి పుదునగర్‌లో నీళ్లు నిలిచాయి. 2023లో నీటితో పాటు నూనె కూడా వచ్చింది. మనలి పరిశ్రమల వైపు నుంచి వరదలో కొట్టుకొచ్చిన చమురు ఎన్నూరు క్రీక్‌లో, అంటే అక్కడి సముద్రపు పాయలో, తెట్టుగా పరుచుకుని పడవలకూ, వలలకూ, రొయ్యలు ఏరుకునే ఆడవాళ్ల చేతులకూ పట్టుకుంది. వరదను దిగువకు పంపుతున్నాం అన్నప్పుడు ఆ దిగువన ఏముందో కూడా చూడాలి. నగరం వద్దనుకున్న పరిశ్రమలూ, థర్మల్ కేంద్రాల బూడిద చెరువులూ ఉన్న చోటికే నగరం వద్దనుకున్న నీళ్లూ వెళ్తున్నాయి. ఈ దారి గురించి నాకు మంచి మాట దొరకలేదు. నీరు ఒక్కోసారి ఒక్కసారిగా వచ్చి పడుతుంది కాబట్టి చివరి నిమిషంలో గేటు ఎత్తక తప్పని రోజులుంటాయని ఒప్పుకుంటాను, అంతే.

మళ్లించిన నీటికి రెండో వైపు చోటుండాలన్న సంగతి 2024 సెప్టెంబరులో విజయవాడ చూపించింది. బుడమేరును కృష్ణలోకి మళ్లించే కాలువ ఉంది. కానీ కృష్ణే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి పరుగెడుతుంటే అది బుడమేరును ఎక్కడ తీసుకుంటుంది? కాలువకు గండ్లు పడ్డాయి, సింగ్ నగర్ మునిగింది. ఎన్నూరు ముఖద్వారమూ అంతే. పోటు మీదున్న సముద్రం నదిని లోపలికి రానివ్వదు.

మూడో దారి నాకు ఆసక్తిగా అనిపించేది: ఏ భూములు మునగాలో ముందే గీత గీసి, ఆ భూముల వాళ్లతో ముందే ఒప్పందం చేసుకోవడం. అమెరికాలో మిసిసిపీ మీద బర్డ్స్ పాయింట్ దగ్గర ప్రభుత్వం దశాబ్దాల ముందే భూముల మీద వరద పారించే హక్కు డబ్బిచ్చి కొనుక్కుంది. 2011 మే 2న కరకట్టను పేల్చి మిజోరి రైతుల సుమారు 1,30,000 ఎకరాల మీదికి నీళ్లు వదిలింది. అవతలి ఒడ్డున కైరో అనే చిన్న పట్టణం నిలిచింది. రైతులు కోర్టుకెళ్లారు, ఏడ్చారు. అయినా నీళ్లు వచ్చేసరికి ఊళ్లు ఖాళీగా ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో ఓవర్‌డీప్ అనే పల్లపు భూమి రైతులు తామే ఒక పథకం చెప్పారు: మట్టి దిబ్బలు వేసి ఇళ్లూ కొట్టాలూ పైన కట్టండి, కింద పొలం మీదికి ఎప్పుడైనా నది రానివ్వండి అని. దాదాపు సగం కుటుంబాలు పరిహారం తీసుకుని ఊరు వదిలాయి, మిగిలినవాళ్లు దిబ్బలెక్కారు.

చైనాలో రాతలో అన్నీ ఉన్నాయి. వరద నిల్వ ప్రాంతాలంటూ మ్యాపులున్నాయి, పంటకు గత మూడేళ్ల సగటు విలువలో ఇంత వంతు ఇస్తామని 2000లోనే నిబంధనలు పెట్టారు. హువాయి నది మీద వాంగ్‌జియాబా గేటు ఎత్తినప్పుడల్లా ఇది కొంతవరకు నడుస్తుంది. కానీ 2023లో బీజింగ్ పక్కన హెబెయ్‌లో జువోజౌ మునిగినప్పుడు, ఆ రాష్ట్ర పార్టీ నాయకుడు తమ ప్రాంతం రాజధానికి కందకంలా నిలవాలన్నట్టు మాట్లాడాడు. ఖాళీ చేయమన్న కబురు ఆలస్యంగా వచ్చిందని జనం మండిపడ్డారు. బ్యాంకాక్‌లో 2011లో అసలు ఒప్పందమే లేదు, పెద్ద ఇసుక సంచుల గోడ ఒక్కటే. గోడకు అవతల వారాల తరబడి మురికి నీళ్లలో ఉన్నవాళ్లు వచ్చి ఆ సంచులు లాగేశారు. నేనైనా లాగేసేవాణ్ణి.

ఇదంతా తిరువళ్లూరు జిల్లాకు పనికొస్తుందా? ఇక్కడే నాకు సందేహం, దానికి కారణం క్యాలెండరు. నెదర్లాండ్స్‌ను భయపెట్టిన వరదలు 1993 డిసెంబరు, 1995 జనవరిలవి, చలికాలపువి. మనకు వరద నవంబరు, డిసెంబరుల్లో. సాంబా వరి సరిగ్గా అప్పుడే పొట్ట మీదో, వెన్ను మీదో ఉంటుంది. నారుమడి మునిగితే మళ్లీ పోసుకోవచ్చు. పెట్టుబడంతా పెట్టేసిన చేను వారం మునిగితే ఆ ఏడు పోయినట్టే. అందుకే ఇక్కడ 7,650 ఎకరాలంటే ఒట్టి నేల కాదు, దాని మీద నిలబడి ఉన్న పంటప్పు కూడా. ఊత్తుకోటలో మా మామయ్యను ఒకసారి అడిగాను. "ముందే డబ్బిచ్చి, ఈ ఏడు నాటొద్దని చెబితే ఎవడు కాదంటాడు రా? నాటాక చెబితేనే గొడవ" అన్నాడు.

ఇంకో చిక్కు, డబ్బు ఎవరికి వెళ్తుందన్నది. పరిహారం పట్టా ఉన్నవాడికి వస్తుంది. చేను వేసినవాడు కౌలుదారైతే అతనికి దక్కేది యజమాని దయ. ఎన్నూరు క్రీక్‌లో వల వేసేవాడికి నీటి మీద పట్టా ఎక్కడిది? ఈ రెండూ ఒప్పందంలో లేకపోతే అది నాకు రెండో దారికి కాగితం తొడిగినట్టే కనిపిస్తుంది.

మిగతా మార్గాలు తొందరగా చెప్పేస్తాను. నదుల పూడిక తీయడం మంచిదే, ఏటా తీయాలి, తీయరు. పళ్ళికరణై చిత్తడిని కాపాడటం దక్షిణ చెన్నైకి ప్రాణావసరం, కానీ కుశస్థలి వరదకు దానితో సంబంధం లేదు. రోడ్ల కింద వేసే పెద్ద కాలువలు వీధి నీటికి పనికొస్తాయి, నది నీటికి కాదు.

నా మొగ్గు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. ముందు నగరం తన వంతు పెట్టాలి. నవంబరు మొదటి తేదీకి ప్రతి పెద్ద జలాశయంలో కొంత చోటు ఖాళీగా ఉండాలని రాసుకోవాలి, ఇంజినీరు ధైర్యానికి వదిలేయకూడదు. 2019లో ఆ మాట అనే ధైర్యం నాకు లేదు. ఇప్పుడు నెమ్మేలిలో రోజుకు 10 కోట్ల లీటర్లు, దాని పక్కనే 2024లో మొదలైన రెండో ప్లాంటులో 15 కోట్ల లీటర్ల సముద్రపు నీటిని తాగునీరుగా మార్చే ఏర్పాటుంది. పేరూరులో 40 కోట్ల లీటర్లది కడుతున్నారు. వాన తప్పితే నగరం కొంత ఖర్చుతో తట్టుకోగలదు. మునిగిన చేనుకు అలాంటి రెండో ప్లాంటు లేదు. అయినా మిగిలే వరదకు మాత్రమే మూడో దారి, అదీ నాట్లకు ముందే డబ్బు చేతికిచ్చి.

పూండి విషయంలో ఇంకో వెసులుబాటుంది, మన తెలుగువాళ్లు అడగాల్సింది అదే. 1983 తెలుగుగంగ ఒప్పందం ప్రకారం కృష్ణా నీళ్లు చెన్నైకి ఏడాదికి 12 టీఎంసీలు రావాలి: జూలై నుంచి అక్టోబరు లోపు 8, జనవరి నుంచి ఏప్రిల్ లోపు 4. అంటే సరిగ్గా వానలకు ముందు పూండిని నింపేలా ఉంది లెక్క. ఎనిమిదీ చాలా ఏళ్లు పూర్తిగా రావు, అది వేరే కథ. ఆ నీళ్లు వచ్చే దారిలో, ఆంధ్రాలోని కండలేరు జలాశయంలో 68 టీఎంసీలు పట్టే చోటుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో రావాల్సిన దాంట్లో ఒక్క టీఎంసీని అక్కడే ఆపి జనవరిలో వదిలితే, పూండిలో ఆ చోటు తాగునీటిని సముద్రంలోకి వదలకుండానే దొరుకుతుంది. ఆపిన నీళ్లు జనవరిలో నిజంగా ఇస్తారా అని చెన్నై అనుమానిస్తుంది, అనుమానించడంలో తప్పూ లేదు. కండలేరులో ఉన్న ఆ ఒక్క టీఎంసీ చెన్నై ఖాతాలోదేనని రెండు ప్రభుత్వాలూ కాగితం మీద పెట్టుకోవాలి. అమ్మపల్లి, పిచ్చాటూరు జలాశయాల గేట్లు ఎత్తేటప్పుడు చిత్తూరు, తిరుపతి జిల్లాల అధికారులు తిరువళ్లూరుకు ఎలాగూ కబురు పంపుతున్నారు. ఆ మాటలు అక్టోబరులోనే మొదలుపెడితే సరిపోతుంది.