నయీంనగర్ గల్లీలోని కిరాణా దుకాణం: సరుకుకు మూడున్నర, సలహాకు నాలుగున్నర

కిరాణా దుకాణం మీద సమీక్ష రాయడమేమిటని మావారు నవ్వారు. అయితే 2024 జూన్‌లో బ్యాంకు బదిలీ మీద నిర్మల్ నుంచి హనుమకొండకు వచ్చిన నాటి నుంచి, కిరాయి ఇల్లు మొదలుకొని పచ్చడి కారం దాకా, మేము తీసుకున్న నిర్ణయాలలో సగానికి పైగా నయీంనగర్ లోపలి గల్లీలో ఉన్న ఈ దుకాణం ముందు నిలబడి తీసుకున్నవే. బోర్డు మీద అక్షరాలు ఎండకు వెలిసిపోయి కూల్‌డ్రింకు సీసా బొమ్మ ఒక్కటే మిగిలింది. గల్లీలో అందరికీ అది సేటు దుకాణమే. సేటుకు అరవై ఏళ్లు దాటి ఉంటాయి. నేను ఆయనను కాకా అంటాను, ఆయన నన్ను బిడ్డా అంటారు.

ముందుగా ఇంటి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ దుకాణంతో మా పరిచయం అక్కడే మొదలైంది. ఊరు కొత్త, చేతిలో ఉన్నది నాలుగు రోజుల సెలవు, పైగా అత్తమ్మకు మోకాళ్ల నొప్పి. అందువల్ల ఒక నెల కిరాయి కమిషన్‌గా ఇచ్చే ఒప్పందం మీద ఒక ఏజెంటును పట్టుకున్నాం. ఆ మనిషి దగ్గర ప్రతి ప్రశ్నకూ జవాబు సిద్ధంగా ఉండేది, అదీ మన ప్రశ్న పూర్తి కాకముందే. నీళ్లు ఇరవై నాలుగు గంటలు వస్తాయన్నాడు, బడి పక్కనే అన్నాడు, వానకు ఈ కాలనీకి ఏ భయమూ లేదన్నాడు. నాలాకు దగ్గరలో, మెట్లు ఎక్కే పని లేని రెండు గదుల ఇల్లు చూపించి, సాయంత్రంలోగా అడ్వాన్స్ ఇవ్వకపోతే ఇంకొకరికి పోతుందని తొందర పెట్టాడు. అతను ఫోన్ మాట్లాడుతున్న సందులో నీళ్ల సీసా కొందామని పక్కనున్న ఈ దుకాణానికి వచ్చాను.

ఇల్లు చూడడానికి వచ్చారా అని సేటు అడిగితే అవునన్నాను. "ఇల్లు జూసినవు సరే, గడప జూసినవా బిడ్డా? రోడ్డు మీదికెల్లి ఎన్ని మెట్లెక్కి ఇంట్లకు పోతవ్?" అన్నారు. ఒక్కటే మెట్టు అని చెప్పాను. ఆయన ఇంకేమీ అనకుండా కుర్చీలో నుంచి లేచి, గోడకు వేలాడుతున్న క్యాలెండర్‌ను పైకెత్తి పట్టుకున్నారు. దాని కింద సున్నం మీద పెన్సిలుతో గీసిన రెండు అడ్డగీతలు, వాటి పక్కన వంకర అంకెలతో తేదీలు ఉన్నాయి: ఒకటి 2020 ఆగస్టుది, ఇంకొకటి 2023 జూలైది. ఎక్కువ ఎత్తున ఉన్న గీత నా నడుము దాటి ఉంది. ఆ గీతకు దిగువన గోడ రంగే వేరు. ఎన్నిసార్లు సున్నం కొట్టినా టీ మరక లాగా గోధుమ రంగు పైకి తేలుతూనే ఉంటుందట. అప్పుడు చూస్తే దుకాణంలో బియ్యం, పప్పు సంచులన్నీ నేల మీద కాకుండా ఇటుకలు పేర్చి వేసిన చెక్క బల్లల మీద ఉన్నాయి. పైనున్న కాలనీల వాననీళ్లన్నీ నాలాలోకే దిగుతాయని, నాలా పట్టకపోతే అవి గల్లీలలోకి తన్నుకొస్తాయని, వంతెన కొత్తది కడుతున్నారు కనుక ఇకముందు తగ్గుతుందని అందరూ అంటున్నా వాన పడితేనే సంగతి తెలుస్తుందని ఆయన చెప్పారు. ఆ ఇల్లు తీసుకోవద్దని మాత్రం ఒక్క మాట కూడా అనలేదు.

మేము ఆ ఇల్లు వదిలేసి, మూడు గల్లీల అవతల ఎత్తు మీదున్న మొదటి అంతస్తుకు పోయాం. అత్తమ్మ మెట్లెక్కడానికి రోజూ సణుగుతారు గానీ జూలైలో రాత్రంతా వాన కురిసినప్పుడు ఆమే కిటికీ దగ్గర కూర్చుని, మంచి పని చేశావని అన్నారు. ఏజెంటుకు సగం కమిషన్ ఇచ్చి వదిలించుకోవలసి వచ్చింది, అది వేరే కథ. నీళ్ల విషయంలో కూడా అసలు సంగతి ఆ తరువాతే తెలిసింది. ఇరవై నాలుగు గంటలు వచ్చేవి బోరు నీళ్లు. తాగడానికి పనికొచ్చే నల్లా నీళ్లు మా గల్లీకి రోజు విడిచి రోజు ఒక గంట వస్తాయి. "నీళ్లస్తయా అని అడిగితె అందరు అస్తయనే అంటరు. ఏ నీళ్లు, నల్లానా బోరా అని అడగాలె" అని సేటు నాకు ఆలస్యంగా నేర్పారు.

ఈ పద్ధతి ఆయనకు అలవాటు. ఏది అడిగినా నేరుగా జవాబు చెప్పరు, ముందుగా ఒక ఎదురు ప్రశ్న వేస్తారు, ఆ ప్రశ్నతోనే సగం పని అయిపోతుంది. మా తమ్ముడు మంచిర్యాల నుంచి మొదటిసారి రైలులో వస్తున్నప్పుడు వాడిని కాజీపేటలో దిగమనాలా, వరంగల్‌లో దిగమనాలా అని అడిగాను. "బండి ఎటు పొయ్యేది?" అన్నారు. కాజీపేట మూడు దిక్కుల పట్టాలు కలిసే జంక్షన్ అని పుస్తకాలలో చదువుకున్నామే గానీ దాని అర్థం నాకు అప్పటిదాకా తట్టలేదు. బల్లార్షా వైపు నుంచి సికింద్రాబాద్ పోయే బండ్లు కాజీపేట దగ్గరే మళ్లిపోతాయి, వరంగల్ స్టేషన్ ముఖం చూడవు. అదే ఢిల్లీ వైపు నుంచి వచ్చి విజయవాడ పోయేవి చాలా వరకు కాజీపేటలో ఆగకుండా వచ్చి వరంగల్‌లో ఆగుతాయి. మంచిర్యాలలో రెండు రకాల బండ్లూ దొరుకుతాయి కనుక, స్టేషన్ పేరు కంటే ముందు బండి పేరు చూసుకోవాలి. ఇది తెలియక అర్ధరాత్రి ఒక స్టేషన్‌లో మనిషి, ఇంకొక స్టేషన్‌లో ఆటో ఎదురుచూసిన ఉదంతాలు ఈ గల్లీలోనే మూడు విన్నాను.

చిరునామా విషయంలోనూ ఇంతే. కొత్తగా వచ్చిన వారికి ఇక్కడ అన్నిటికంటే తికమక పెట్టేది ఇదే: బయటి వారికి హనుమకొండ, కాజీపేట కలుపుకొని వరంగల్ అంటే ఒకటే నగరం, దానికి ఒకటే కార్పొరేషన్, కానీ జిల్లాలు రెండు. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లాను హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్‌ను వరంగల్ జిల్లాగా మార్చారు. పాత బోర్డుల మీద, పాత కాగితాల మీద, పోర్టర్ల నోళ్లలో మాత్రం పాత పేర్లే తిరుగుతున్నాయి. పాప బడి కోసం ఒక ధ్రువపత్రం కావలసి వచ్చి ఏ ఆఫీసుకు వెళ్లాలో తెలియక సేటును అడిగితే, అది కార్పొరేషన్ పనా, తహసీల్ పనా అని అడిగారు. చెత్త, నల్లా, ఇంటి పన్ను, జనన నమోదు అయితే నగరమంతటికీ కార్పొరేషన్ ఒక్కటే. ఆదాయం, కులం వంటి కాగితాలైతే మన ఇల్లు ఏ జిల్లాలో, ఏ మండలంలో పడుతుందో చూసుకుని ఆ తహసీల్ ఆఫీసుకు పోవాలి. ఈ రెండు వాక్యాలు నాకు ఒక పూట సెలవు మిగిల్చాయి.

ఇక సరుకు గురించి. దీనిని బట్టి మాత్రమే ఎవరైనా ఈ దుకాణానికి రావాలనుకుంటే నేను గట్టిగా సిఫారసు చేయలేను. పప్పులు, పల్లీలు, బెల్లం బాగుంటాయి, తూకంలో మోసం లేదు, బియ్యం మీద ఆయన మాట నమ్మవచ్చు. ఏడాది పాత బియ్యమా, కొత్తవా అన్నది సంచి విప్పి నాలుగు గింజలు అరచేతిలో వేసి చూపిస్తారు, అత్తమ్మకు మెత్తగా కావాలా పొడిపొడిగా కావాలా అని అడిగి మరీ ఇస్తారు. సంచి మీద 26 కిలోలు అని ఎందుకుంటుందో కూడా ఇక్కడే తెలిసింది: 2022 జూలై నుంచి ఇరవై అయిదు కిలోల వరకు ఉండే ప్యాకింగ్ బియ్యం మీద జీఎస్టీ పడుతోంది కనుక మిల్లుల వాళ్లు ఒక కిలో పెంచారు. అయితే సబ్బులు, నూనెలు, బిస్కెట్ల వంటి వాటి ధర సూపర్ మార్కెట్ కంటే అయిదారు రూపాయలు ఎక్కువే. పెరుగు సాయంత్రానికి పులుస్తుంది. రెండుసార్లు గడువు దాటిన బిస్కెట్ ప్యాకెట్లు వచ్చాయి. మార్చి ఇచ్చారు గానీ మూడోసారి కూడా చూసుకోవలసింది నేనేనని అర్థమైంది. ఫోన్‌పే ఉంది, ఉద్దెర కూడా ఉంది. ఉద్దెర పుస్తకంలో మా పేరు "నిర్మల్ బ్యాంకు మేడం" అని రాసి ఉంటుంది.

సరుకులో ఒక్కటి మాత్రం విడిగా చెప్పి తీరాలి, అది మిరపకాయ. మిర్చికి పేరున్న ఏనుమాముల వ్యవసాయ మార్కెట్ ఉన్న ఊరికి వచ్చాం కదా, పోయిన ఏడు మాఘం చివర నేరుగా యార్డుకే పోయి ఏడాదికి సరిపడా మిర్చి తెచ్చుకుందామనుకున్నాను. అక్కడ బస్తాల లెక్కన వేలం నడుస్తుంది గానీ మూడు కిలోలు అడిగిన వారిని ఎవరూ పట్టించుకోరని చెప్పి, ఆయన రెండు రకాల కాయలు నా ముందు పోశారు. ఒకటి పొట్టిగా, ఉబ్బుగా, టమాటా లాగా ముడతలు పడి, వేలితో రుద్దితే ఎర్రదనం అంటుకునే చపాటా. ఇంకొకటి సన్నగా పొడుగ్గా, తొడిమ విరిచేసరికే ముక్కు మండించే తేజ. చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, వరంగల్ వాళ్లకు అది గర్వకారణమే. కానీ దానికి రంగే తప్ప కారం తక్కువ. ఆవకాయకు రెండు పాళ్లు చపాటా, ఒక పాలు తేజ కలిపి, తొడిమలు తీసి, రెండు రోజులు ఎండబెట్టి గిర్నీలో పట్టించమన్నారు. ఆ కారంతో పెట్టిన పచ్చడి ఈ రోజుకీ రంగు తగ్గలేదు. నిర్మల్‌లో మా అమ్మకు ఒక సీసా పంపితే ఇంకా కారం ఉందా అని ఫోన్ చేసింది.

లోపాలు దాచి రాస్తే ఇది పొగడ్త అవుతుంది. ఈ దుకాణంలో సలహాకు డబ్బు తీసుకోరు, కానీ వివరాలు తీసుకుంటారు. ఏ ఊరు, మీవారేం చేస్తారు, ఇంటిపేరేమిటి అని మొదటి రోజే అడిగారు. ఇంటిపేరు ఎందుకు అడుగుతారో తెలియని వారు మన దగ్గర ఎవరూ ఉండరు. ఇల్లు కిరాయికి ఇచ్చేవాళ్లు అడిగినా, దుకాణదారు అడిగినా అందులోని ఉద్దేశం ఒకటే, అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. జవాబు చెప్పకుండా పాప పేరు చెప్పి మాట మార్చాను. ఆయన మళ్లీ అడగలేదు, అది వేరే సంగతి. రెండవది, పని మనుషుల విషయంలో ఆయన సలహా బంధువుల ఇళ్ల దగ్గర ఆగిపోతుంది. నల్లా లీకేజీకి ప్లంబర్ కావాలంటే తన అల్లుడి నంబరు ఇచ్చారు, అల్లుడు మూడు రోజులకు వచ్చి, ఒక వాషర్ మార్చి, మరుసటి వారం మళ్లీ రావలసి వచ్చింది. బడి వ్యాను మా గల్లీ మలుపు దాకా వస్తుందని చెప్పింది కూడా తప్పే. అది ఏడాది కిందటే ఆగిపోయిందని పక్కింటి అక్క చెబితే తెలిసింది. పిల్లల బడులు, ట్యూషన్ల గురించి ఆయనను అడగడం దండగ, వాళ్ల పిల్లల చదువులు అయిపోయి ఇరవై ఏళ్లయింది.

డాక్టర్ల పేర్లు మాత్రం చచ్చినా చెప్పరు. పాపకు జ్వరం వచ్చిన రాత్రి అడిగితే, మరీ ఎక్కువైతే సర్కారు దవాఖానా ఎంజీఎం ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుందని, ప్రైవేటు పేర్లు మాత్రం తనను అడగవద్దని, ఒకరికి మంచి చేసిన డాక్టరు ఇంకొకరికి చేయకపోతే ఆ మాట తన దుకాణం మీద పడుతుందని అన్నారు. ఆ రాత్రి నాకు కోపం వచ్చింది. తెల్లారి ఆలోచిస్తే, ఏజెంటు దగ్గర లేనిది, ఈయన దగ్గర ఉన్నది ఇదేనని అనిపించి, సలహాకు వేసిన నాలుగు మార్కులను నాలుగున్నర చేశాను.

సేటు భార్యను చిన్నమ్మ అంటాం. ఆమె మాట్లాడేది తక్కువ. బతుకమ్మ రోజుల్లో మాత్రం దుకాణం ఆమెదే. సద్దుల బతుకమ్మకు తంగేడు, గునుగు ఎక్కడ కొనాలని అడిగితే, "ఎంత ఎత్తు పేరుస్తవ్?" అన్నారు. మూరెడు అని చేయి చూపించాను. అంతకయితే ముందు రోజు సాయంత్రమే కొని నీళ్లు చల్లి పెట్టుకోమని, పొద్దున పోతే ధర రెండింతలవుతుందని, పద్మాక్షి గుట్ట దగ్గర జనం ఎక్కువ కనుక పాప చేయి వదలవద్దని చెప్పారు. తాంబాలంలో గుమ్మడి ఆకు ముందు వేయాలని, పేర్చడం మా ఊరి పద్ధతిలోనే కానిమ్మని కూడా అన్నారు.

దుకాణం ఉదయం ఆరింటికి తెరుస్తారు. నల్లా వచ్చే రోజుల్లో ఏడు నుంచి ఎనిమిది దాకా సేటు కూడా బిందెల పనిలో ఉంటారు కనుక ఆ గంటలో ఏదీ అడగవద్దు. నెమ్మదిగా మాట్లాడాలంటే రాత్రి ఎనిమిది తరువాత వెళ్లాలి, కానీ చేతిలో అరగంట ఉంచుకోవాలి, ఎందుకంటే ఏ సలహా అయినా కనీసం ఒక పెళ్లి కథ మీదుగా వస్తుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షట్టరు సగం దించి ఉంటుంది. వంగి పిలిస్తే చిన్నమ్మ ఉప్పు పొట్లం ఇస్తారు గానీ, ఏమైనా అడగాలంటే సేటు నిద్ర లేచాక రమ్మంటారు.