హైస్కూల్లో ఆడియో వీడియో ప్రొడక్షన్ కోర్సు: ఏడాది తర్వాత ఒక తల్లి సమీక్ష

డాలస్ శివార్లలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో మా అమ్మాయి గత విద్యా సంవత్సరం ‘ఆడియో వీడియో ప్రొడక్షన్ 1’ అనే కోర్సు తీసుకుంది. టెక్సస్‌లో ఇది వృత్తి, సాంకేతిక విద్య కింద నడిచే ఐచ్ఛికాంశం. దీనికి విడిగా ఫీజు లేదు. మేము కొన్నవి ఒక మెమరీ కార్డు, చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు మాత్రమే. అయితే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) అనే కాలేజీ స్థాయి కోర్సుల మార్కులకు ఉండే అదనపు వెయిటేజీ మా జిల్లాలో దీనికి లేదు కాబట్టి, క్లాసు ర్యాంకు లెక్కలు వేసుకునే మన తెలుగు ఇళ్లలో ఈ కోర్సు పేరెత్తగానే పెద్దల ముఖాలు మారిపోతాయి. మొదట మారిన ముఖాల్లో నాదీ ఒకటి.

ఈ కోర్సులో నిజంగా మెచ్చుకోవలసింది బడి అంతటా ప్రసారమయ్యే ఉదయపు బులెటిన్. ఐదు నిమిషాల ఆ కార్యక్రమాన్ని రాసేదీ, చదివేదీ, తీసేదీ విద్యార్థులే. ఒక వారం కెమెరా పట్టుకున్న పిల్ల మరుసటి వారం యాంకరు చదవాల్సిన మాటలను తెర మీద చూపే టెలీప్రాంప్టర్ నడుపుతుంది, ఆపై వారం ఫ్లోర్ మేనేజరుగా నిలబడి వేళ్లతో సెకన్లు లెక్కపెడుతుంది. కెమెరాలు మార్చడానికి 2019లో విడుదలైన ఏటెమ్ మినీ అనే చిన్న స్విచర్ వాడతారు. నాలుగు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లున్న ఆ పెట్టె వచ్చినప్పటి ధర 295 డాలర్లు. దాని ముందు కూర్చున్న మొదటి రోజే మా అమ్మాయి ఒక బటన్ బదులు ఇంకొకటి నొక్కింది, ముక్కు తుడుచుకుంటున్న యాంకరు బడి మొత్తానికీ కనిపించాడు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది. మర్నాడు ఎవరూ చెప్పకుండానే తెల్ల టేపు ముక్కల మీద కెమెరాల పేర్లు రాసి బటన్ల పక్కన అంటించింది. ఆ టేపు ఏడాది చివరిదాకా అక్కడే ఉంది.

రెండో సగంలో వచ్చే లఘుచిత్రం విషయంలో మాత్రం నాకు తృప్తి కలగలేదు. కథ రాయడానికి కేటాయించింది ఒకే వారం. అందువల్ల నేను చూసిన ఆరు చిత్రాల్లో నాలుగు ‘అదంతా కల’ అన్న ముగింపుకే చేరాయి. శబ్దం సంగతి ఇంకా అన్యాయం. కాలర్ మైకులు రెండే ఉండటంతో చాలామంది కెమెరాకున్న మైకుతోనే సరిపెట్టుకున్నారు, దాంతో సంభాషణల కన్నా ఏసీ హోరే ఎక్కువగా వినిపించింది. మాటలు అయిపోయాక ముప్పై సెకన్లు ఊరికే నిలబడి ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసుకోవాలని, లేకపోతే కూర్పులో (ఎడిటింగులో) అతుకులు బయటపడతాయని పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

ఇంకొక లోపం తెనాలి వెళ్లాక బయటపడింది. సెలవుల్లో వాళ్ల అమ్మమ్మ ట్యూబ్‌లైటు కింద కూర్చుని వత్తులు చేస్తుంటే అమ్మాయి చిత్రీకరించింది. చూస్తే దృశ్యమంతా మిణుకుమిణుకుమంటోంది, కెమెరా పాడైందని భయపడింది. షట్టర్ వేగం, అంటే కెమెరా ఒక్కో ఫ్రేముకు వెలుగు తీసుకునే సమయం, సెకనులో 60వ వంతు పెట్టాలని క్లాసులో నేర్పారు, ఎందుకో నేర్పలేదు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడి దీపాలకు ఆ వేగం సరిపోతుంది; మన దేశంలో 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తులు కాబట్టి, ఒక్కో ఆవృత్తికి రెండుసార్లు చొప్పున ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంది, 60వ వంతు దానికి పొసగదు. 50వ వంతుకు మార్చగానే మిణుకు ఆగింది. అమ్మమ్మ మాత్రం అప్పటికే రెండుసార్లు చేసిన వత్తులను మూడోసారి చేయాల్సి వచ్చింది.

బడిలో వాడే కూర్పు సాఫ్ట్‌వేరు చందా కట్టి వాడుకునేది కనుక వేసవిలో పిల్లలకు అందదు. ఇంట్లో సాధన చేయదలచిన వారికి డావిన్సీ రిజాల్వ్ అనే కూర్పు సాఫ్ట్‌వేరు ఉచిత వెర్షన్ చాలు. 3840×2160 పరిమాణం దాకా వీడియో ఇస్తుంది, వాటర్‌మార్కు వేయదు. కాకపోతే మామూలు ల్యాప్‌టాప్ మీద బాగా నెమ్మదిస్తుంది.

టెలివిజన్ పని మీద ఆసక్తి ఉన్న పిల్లలకు ఈ కోర్సును నిస్సంకోచంగా సూచిస్తాను. సినిమా తీయడం నేర్చుకోవాలనుకునేవారు మాత్రం దీనితో పాటు క్రియేటివ్ రైటింగ్ కూడా ఎంచుకోవడం మంచిది. మా అమ్మాయి రెండో భాగానికి పేరు ఇచ్చింది, నేను సంతకం పెట్టాను. ఇంకో రెండు కాలర్ మైకులు కొనమని టీచరు గారికి రాసిన ఉత్తరానికి జవాబు రావాల్సి ఉంది.