సెంటోసా బీచ్‌లు: తెచ్చి పోసిన ఇసుక, చప్పుడు లేని అలలు

సింగపూర్ సెంటోసా ద్వీపంలోని సిలోసో, పలావన్, తంజోంగ్ బీచ్‌ల ఇసుక సముద్రం ఇచ్చింది కాదు, బయట కొని తెచ్చి పోసింది. అది కొట్టుకుపోకుండా ముందు రాళ్ల కట్టలు, చిన్న దిబ్బలు పెట్టారు. అందుకే నీళ్లు చెరువులా ఉంటాయి. ఆర్కే బీచ్ హోరు అలవాటైనవాళ్లకు చప్పగా అనిపిస్తుంది, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు మాత్రం ఇదే హాయి. ఎదురుగా వరసకట్టిన సరుకు ఓడలు. నీళ్లు గాజులా ఉంటాయని మాత్రం ఆశపడొద్దు.

హార్బర్‌ఫ్రంట్ మెట్రోలో దిగి, వివోసిటీ మాల్ మూడో లెవెల్లో సెంటోసా ఎక్స్‌ప్రెస్ అనే మోనోరైలు ఎక్కాలి. వెళ్లేటప్పుడు 4 సింగపూర్ డాలర్లు, తిరుగు ప్రయాణం ఉచితం. చాలామంది మధ్యలో ఇంబియా స్టేషన్‌లో దిగిపోయి ఎండలో నడుస్తారు. బీచ్‌కైతే చివరి స్టేషన్ దాకా కూర్చోండి. అక్కడి నుంచి మూడు బీచ్‌లకూ ఉచిత షటిల్ ఉంది. డబ్బు మిగలాలంటే మాల్ పక్కనున్న బోర్డ్‌వాక్ మీద నడిచి కూడా ద్వీపంలోకి వెళ్లొచ్చు.

పిల్లలుంటే పలావన్, సందడి కావాలంటే సిలోసో, ప్రశాంతతకు తంజోంగ్. పలావన్ దగ్గర తాళ్ల వంతెన దాటితే ‘ఆసియా ఖండపు దక్షిణపు కొస’ అన్న బోర్డు కనిపిస్తుంది. ద్వీపం పక్కనున్న దిబ్బ ఖండపు కొస ఎలా అయిందో వాళ్లకే తెలియాలి! ఫొటోకైతే బాగుంటుంది.

మధ్యాహ్నం ఉరుములు మామూలే, పిడుగుల హెచ్చరిక వస్తే నీళ్లలోంచి బయటికి వచ్చేయాలి. ఉదయమే వెళ్లండి. తాగునీళ్లు, పులిహోర డబ్బా వెంట ఉంచుకుంటే మంచిది, బీచ్ పక్క హోటళ్లలో ధరలు మండిపోతాయి.