తమ్ముడి బోటుకి కొన్న జీపీఎస్: మెషిన్ మంచిదే, అందులో గీసిచ్చిన ‘బార్డర్’తోనే తంటా

మెషిన్‌కి నాలుగు స్టార్లు ఇస్తాను. షాపువాళ్లు అందులో ‘బార్డర్’ అని వేసిచ్చిన ఎర్ర గీతకి ఒక్కటే.

మాది నెల్లూరు జిల్లా తీరంలో ఒక పాళెం. తమ్ముడికి ఫైబర్ బోటు ఉంది, నేను కావలి కోర్టులో జూనియర్ లాయర్ని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ ఖాళీలో తమ్ముడు చెన్నై కాశిమేడు పోయి ఏడంగుళాల స్క్రీన్ ఉన్న జీపీఎస్ ప్లాటర్ (బోటు ఎక్కడుందో మ్యాపు మీద చూపించే మెషిన్) తెచ్చుకున్నాడు. చేపల గుంపు చూపించే ఫైండర్ కూడా అందులోనే. కంపెనీ పేరు, షాపు పేరు రాయను.

స్క్రీన్ మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా బాగానే కనిపిస్తుంది. టచ్ కాదు, బటన్లు. తడి చేతులతో, వల లాగుతూ నొక్కాలంటే అదే మేలు. లోతుని మీటర్లలో కాకుండా బారల్లో పెట్టుకోవచ్చు. మా నాయన ఇన్నాళ్లూ తాడు వేసి చూసిన లోతు, ఇది చూపించిన లోతు ఒకటే అయ్యేసరికి ఆయన కూడా దానికి దాసోహం.

ఇక బార్డర్ సంగతి. వేట మొదలైన కొత్తలో వంజరం కోసం తమ్ముడు లోపలికి పోయాడు. ఒడ్డు నుంచి 22 కిలోమీటర్లు దాటగానే మెషిన్ గీగీమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. స్క్రీన్ మీద ఎర్ర గీత. షాపువాడు ‘గీత దాటితే వేరే దేశం’ అని చెప్పి పంపాడు మరి. బోటులో ఉన్న నలుగురికీ టెన్షన్, వల వేయకుండానే తిరిగొచ్చారు. డీజిల్ దండగ.

నేను చూస్తే అది 12 నాటికల్ మైళ్ల గీత. మైలు 1.852 కిలోమీటర్లు, లెక్క సరిపోయింది. అక్కడ మన దేశం అయిపోదు. అక్కడ అయిపోయేది ప్రాదేశిక జలాలు, అంటే దేశం సొంత జలాలు. మన 1976 చట్టం, 1982 ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం రెండూ చెప్పేది ఒకటే: ఒడ్డున ఆధార రేఖ (కొలత మొదలయ్యే గీత) నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా చేపల మీద హక్కు తీరదేశానిదే. దీన్నే ఆర్థిక మండలి అంటారు. వేరే దేశం ఓడ ఆ నీళ్లలో పోవచ్చు, మన అనుమతి లేకుండా వల మాత్రం వేయకూడదు. తమ్ముడు వెనక్కి తిప్పిన చోటు నుంచి ఇంకా ఎంతో దూరం మన సముద్రమే.

శ్రీలంక గీత మనకెంత దూరమో కూడా చూశాను. 1974లో పాక్ జలసంధికి (తమిళనాడుకీ శ్రీలంకకీ మధ్యనున్న ఇరుకు సముద్రం), 1976లో మన్నార్ గల్ఫ్‌కీ బంగాళాఖాతానికీ ఒప్పందాలు జరిగాయి. బంగాళాఖాతంలో గీత 10 డిగ్రీల అక్షాంశం దగ్గర మొదలై ఈశాన్యంగా సాగి 11 డిగ్రీలు దాటాక ఆగుతుంది. కృష్ణపట్నం 14 డిగ్రీల పైన. డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు వేసుకోండి. మా ఫైబర్ బోటు అక్కడికి పోవాలంటే డీజిల్ పీపాలకే చోటు చాలదు.

రామేశ్వరం వాళ్ల కష్టం వేరు. అక్కడ జలసంధి ఇరుకు, గీత దాటితే నేరుగా శ్రీలంక సొంత జలాల్లోనే పడతారు. పక్క దేశపు ఆర్థిక మండలిలో వేటాడినందుకు జైలుశిక్ష వేయకూడదని, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, ఆ 1982 ఒప్పందంలోని 73వ అధికరణ అంటుంది. ప్రాదేశిక జలాల్లో దొరికినవాడికి ఆ అధికరణ అక్కరకు రాదు. గుజరాత్ వైపు ఇంకో చిక్కు: పాకిస్తాన్‌తో సర్ క్రీక్ అనే పాయ దగ్గర సరిహద్దు తగాదా తెగలేదు, కాబట్టి అక్కడ సముద్రంలో రెండు దేశాలూ ఒప్పుకున్న గీతే లేదు. 2018 నవంబరులో గుజరాత్ బోట్ల మీద పనికి పోయిన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. అలాంటి చోట మెషిన్ ఏ గీత చూపించినా అది మ్యాపు చేసినవాడి గీతే. పడమటి సముద్రానికి పనికి పోయేవాళ్లు దీన్ని నమ్ముకోవద్దు.

మ్యాపు ఏ ఏడాదిదో కూడా అడగండి. బంగ్లాదేశ్‌తో మన గీత 2014 జూలై 7న మధ్యవర్తుల తీర్పుతో తేలింది. తగాదాలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్లకి పోయాయి. అంతకుముందు మ్యాపు పట్టుకుని ఉత్తరానికి పోతే గోవిందా.

ఆ ఎర్ర గీతకి ఒక స్టారైనా ఎందుకిచ్చానంటే, మా పాళెంలో అసలు సరిహద్దు గొడవ కడలూరు, కారైకాల్ మరబోట్లతో. ఆ 12 మైళ్ల లోపల చేపల వేట మీద అదుపు రాష్ట్రానిది. 1994 చట్టం కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా మరబోట్లు వేటాడకూడదు. వాళ్లు రాత్రిపూట వచ్చి మా వలలు కోసుకుంటూ పోతారు. ఫిర్యాదు చేస్తే ‘ఎక్కడ జరిగింది, రుజువేది’ అంటారు. ఇప్పుడు తమ్ముడు 8 కిలోమీటర్లకి ఇంకో గీత వేసుకున్నాడు. వాళ్ల బోటు పక్కకొచ్చినప్పుడు బటన్ నొక్కితే మన స్థానం, తేదీ, టైమూ మెషిన్‌లోని మెమరీ కార్డులో పడతాయి. స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీయకండి, రాత్రి తెల్లగా మెరిసిపోయి అంకెలు పడవు. మెషిన్‌లోనే స్క్రీన్‌షాట్ ఉంది. కోర్టు దాకా పోతే దానికి సర్టిఫికెట్ కూడా జత చేయాలి, ఆ బాధ నాది. పాళెం కాపులు (మా ఊరి పెద్దలు) కూడా మొన్న ఇంటికొచ్చి చూసిపోయారు.

కొనేవాళ్లు ఒకటి సెట్ చేసుకోండి. పాత పుస్తకంలో రాళ్లున్న చోట్లు 14 డిగ్రీల 15.50 నిమిషాలు అని రాసుంటే, సెకండ్లు చూపించే మెషిన్‌లో అది 15 నిమిషాల 30 సెకండ్లు. 50 సెకండ్లని కొడితే 600 మీటర్ల పైన పక్కకి పోతారు, వల రాళ్లలో చిరుగుతుంది.

షాపుకి ఫోన్ చేసి ఎర్ర గీత గురించి అడిగితే, ‘ఏ గీత కావాలో చెప్పండి మేడం, కార్డు పంపితే వేసిస్తా’ అన్నాడు. కార్డుకి డబ్బులు వేరేనట. వారంటీ ఏడాది, అందులో వైర్లు లేవు.