శనగలా, పెసలా, రాజ్మానా: షుగరున్నవాళ్లకు ఏది మేలు?

షుగరుకి ఏ గింజలు మంచివని అడిగేవాళ్లందరికీ కావాల్సింది ఒక పేరు. పేరు చెప్పడం తేలికే: నాటు శనగలు, అంటే చిన్నగా ముదురు గోధుమరంగులో ఉండేవి. కానీ వాటి గుణం పోగొట్టే పద్ధతులూ మన వంటింట్లోనే ఉన్నాయి.

ముందు అంకెలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల ఎండు శనగల్లో పీచు సుమారు 25 గ్రాములు. పెసల్లో, రాజ్మాలో 17 దాకా ఉంటుంది. పొట్టు తీసిన పెసరపప్పుకొచ్చేసరికి 9కి పడిపోతుంది. ప్రొటీన్‌లో మాత్రం పెసలదే పైచేయి. ఇక గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో షుగరు ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) అంటారా, ఉడికించిన ఈ మూడు గింజలకూ తక్కువే. ఆ అంకె పట్టుకుని వాటిలో వాటికి పోటీ పెట్టి లాభం లేదు.

తేల్చేది వండే తీరు. గింజలోని పిండిపదార్థం కణాల గోడల మధ్య చిక్కుకుని ఉంటుంది. ఉడికాక కూడా ఆ గోడలు చాలావరకు నిలుస్తాయి కాబట్టి అరుగుదల నిదానంగా సాగుతుంది. మెత్తగా రుబ్బితే, పిండి పట్టిస్తే ఆ గోడలు పగిలిపోతాయి. అందుకే అవే పెసలు గుగ్గిళ్లుగా తింటే ఒక లెక్క, బియ్యం కలిపి రుబ్బి పెసరట్టు వేస్తే ఇంకో లెక్క. అందులో ఉప్మా కూడా పెడితే ఇక చెప్పేదేముంది! నాటు శనగలు నాలుగైదు విజిల్స్ వచ్చినా గింజకి గింజ విడిగానే ఉంటాయి, నమలక తప్పదు. నానిన పెసలు రెండో విజిల్‌కే పగిలి ముద్దవుతాయి. నా మొగ్గు శనగల వైపు ఉండడానికి పీచు కన్నా ఇదే పెద్ద కారణం.

మనిషికి 30 గ్రాములు, అంటే ఒక గుప్పెడు ఎండు శనగలు చాలు. ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి ఉడికించాలి. చింతపండు, టమాటా ముందే వేస్తే పులుపుకి గింజ మెత్తబడదు. కాల్షియం లాంటి లవణాలు ఎక్కువున్న బోరు నీళ్లతోనూ అదే తంటా, తాగే నీళ్లు పోయండి. పాత సరుకైతే ఏ నీళ్లు పోసినా మొండికేస్తుంది. వంటసోడా వేస్తే ఉడుకుతాయి నిజమే, కాస్త ఎక్కువైందా ముద్దే.

అసలు పొరపాటు కంచం దగ్గర జరుగుతుంది: అన్నం ఎప్పటిలాగే పెట్టుకుని పైన గుగ్గిళ్లు తింటారు. ఆ 30 గ్రాములు ఉడికితే అరకప్పు అవుతాయి, వాటిలో పీచు పోను పిండిపదార్థం 12 గ్రాములు. అరకప్పు అన్నంలో 22 గ్రాముల పైమాటే. అరకప్పు గుగ్గిళ్లు పెట్టుకుంటే అరకప్పు అన్నం తీసేయాలి. తీయకపోతే ఆ 12 అదనంగా చేరినట్టే.

రాజ్మా గుణంలో తీసిపోదు కానీ జాగ్రత్త కావాలి. సరిగా ఉడకని రాజ్మాలోని లెక్టిన్ అనే విషపదార్థం వల్ల కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నానిన నీళ్లు పారబోసి, కుక్కర్‌లో వేలితో నొక్కితే నలిగేదాకా ఉడికించాలి. అమెరికాలో ఉండేవాళ్లు నేరుగా స్లో కుక్కర్‌లో పడేయకండి, ఆ సన్నటి వేడికి లెక్టిన్ చావదు. ముందు అరగంట తెర్లించాలి.

గ్యాస్ బాధ ఉన్నవాళ్లకు, పళ్లు బలంగా లేనివాళ్లకు పెసలే నయం. అలసందలూ పరవాలేదు. ఉలవలు గుగ్గిళ్లయితే సరే. ఉలవచారుకి గింజలు తీసేసి కట్టు మాత్రమే కాస్తారు, దాన్ని కలుపుకునేది మళ్లీ అన్నంలోనే. ఆకుపచ్చ బీన్స్ మాత్రం గింజల్లోకి రావు, కూరగాయ కిందే లెక్క.

ఏది తిన్నా మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు గ్లూకోమీటర్‌లో చూసుకోండి. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర గానీ వాడేవాళ్లు ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు, డోసు సంగతి ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షలో పెరిగి ఉంటే గింజలు ఎన్ని తినాలో కూడా ఆయన్నే అడగాలి.