క్లికరా, ఫోనా, రంగు కార్డా: పెద్ద క్లాసుకు ఏది మేలు?

మూడొందల మంది కూర్చున్న హాల్లో "అర్థమైందా?" అని అడిగితే ముందు వరుసల నుంచి "అయింది సార్" అని వినిపిస్తుంది. వెనక బెంచీల సంగతి పేపర్లు దిద్దేదాకా తెలియదు. అక్కడికక్కడే తెలియాలంటే ప్రతి ఒక్కరి చేతా జవాబు చెప్పించాలి.

హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టింది ఇదే. ప్రశ్న వేస్తారు. ఎవరికి వారు జవాబు ఎంచుకుంటారు. తర్వాత పక్కవాళ్లతో వాదించుకుని మళ్లీ ఎంచుకుంటారు. నా దృష్టిలో అసలు చదువు ఆ వాదనలోనే జరుగుతుంది.

క్లికర్ రిమోట్ లాంటి చిన్న పరికరం. మీట నొక్కగానే ఏ జవాబుకు ఎందరో ఆ లెక్క తెరమీదికి వస్తుంది, ఎవరు ఏది నొక్కారో పక్కవాళ్లకు తెలియదు. తప్పు చెబితే నవ్వుతారని నోరు విప్పని పిల్లలకు ఇది పెద్ద ఊరట. కానీ డబ్బు కావాలి, బ్యాటరీలు చూసుకోవాలి.

ఫోన్‌కు అదనపు ఖర్చు లేదు. అయితే జవాబు కోసం తీసిన ఫోన్ వాట్సాప్ చూడకుండా జేబులోకి వెళ్లదు. వందల మంది ఒకేసారి కలిస్తే హాల్లో వైఫై కూడా మొరాయిస్తుంది. మూడింటిలో నాకు నమ్మకం తక్కువ దీనిమీదే.

రంగు కార్డులకు అట్టముక్కలు చాలు, ఒక్కో జవాబుకు ఒక్కో రంగు. తలపైకి ఎత్తకుండా ఛాతీ దగ్గర పట్టుకోమంటే వెనకవాళ్లకు కనబడదు. కచ్చితమైన లెక్క రాదు, రికార్డూ ఉండదు. అయినా కెనడాలో పరిశోధకుడు నథానియెల్ లాస్రీ క్లికర్లనూ కార్డులనూ పోల్చి 2008లో ప్రచురించిన ఫలితాల్లో, నేర్చుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

అందుకే వంద మంది లోపు క్లాసుకు కార్డులే మేలంటాను. అంతకు మించితే, కాలేజీయే కొని గుమ్మం దగ్గర పంచే క్లికర్లు. విద్యార్థుల చేత కొనిపించడం న్యాయం కాదు.

హాజరుకో మార్కులకో ముడిపెడితే మాత్రం ప్రాక్సీలు మొదలవుతాయి. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో 2014లో ఒక్క కోర్సులోనే 64 మంది విద్యార్థులు, రానివాళ్ల క్లికర్లు నొక్కిన వ్యవహారంలో ఆరోపణలు ఎదుర్కొన్నారు.

సరైన జవాబు 30 శాతం లోపుంటే పాఠం మళ్లీ చెప్పాలి, 70 దాటితే ముందుకు సాగొచ్చు, మధ్యలో ఉంటే వాదించుకోనివ్వాలి. ఆ మాత్రం తేడా కార్డుల రంగులు ఒకసారి చూసినా తెలిసిపోతుంది.