ఓబీడీ అడాప్టర్: వేడెక్కే ఇంజన్ విషయంలో ఎంతవరకు నమ్మవచ్చు?

మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి డ్యాష్‌బోర్డు మీద ఉష్ణోగ్రత ముల్లు ఉండదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నీలం దీపం, మితిమీరి వేడెక్కినప్పుడు ఎర్ర దీపం వెలుగుతాయి తప్ప, ఈ రెంటికీ నడుమ ఏం జరుగుతున్నదో తెలిసే దారి లేదు. ఎర్ర దీపం వెలిగేదాకా ఆగడం ప్రమాదం కనుక, ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరికే ఈఎల్ఎం327 (ఒక చిప్ పేరు) రకం బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్‌ను, అంటే కారు కంప్యూటర్‌లోని సమాచారాన్ని ఫోన్‌కు పంపే పరికరాన్ని కొని, ఎండాకాలంలో విజయవాడ ట్రాఫిక్‌లో వేడెక్కుతున్న నా పెట్రోలు కారు మీద వాడి చూశాను.

పరికరాన్ని స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి, ఫోన్‌లో టార్క్, కార్ స్కానర్ వంటి యాప్ ఏదైనా తెరిస్తే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత అంకెల్లో కనిపిస్తుంది. బీఎస్-4 (కాలుష్య ప్రమాణం) కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 (కారు తన లోపాలను తానే కనిపెట్టే వ్యవస్థ) తప్పనిసరి అయింది కాబట్టి ఆ తర్వాతి కార్లతో సాధారణంగా ఇబ్బంది రాదు. వీటిలో చాలావాటి మీద వెర్షన్ 1.5 అని గొప్పగా అచ్చువేస్తారు గానీ, అసలు చిప్‌ను రూపొందించిన కెనడా సంస్థ ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ ఆ అంకెతో ఏ చిప్పునూ విడుదల చేయలేదు. అంటే మన చేతికి వచ్చేది నకలే. అయితే ఉష్ణోగ్రత చదవడానికి నకలైనా చాలు.

దీని అసలు ఉపయోగం, వేడి ఎంత ఉందో చెప్పడం కన్నా ఎప్పుడు పెరుగుతున్నదో చూపడంలో ఉంది. హైదరాబాద్ రహదారి మీద ఎనభై వేగంతో వెళ్తున్నంతసేపూ అంకె తొంభైకి అటూ ఇటూగా నిలిచింది. బెంజ్ సర్కిల్ దగ్గర ఆగితే 96, 99, 103 అంటూ ఎక్కుతూనే పోయింది. వేగంగా వెళ్తున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది కనుక, అప్పుడు బాగుండి ఆగినప్పుడే వేడెక్కితే ముందుగా అనుమానించవలసింది ఫ్యాన్‌నే. అదే రన్నింగ్‌లోనూ, ఘాట్ ఎక్కుతున్నప్పుడూ పెరిగితే కూలెంట్ తగ్గడం, రేడియేటర్ పూడుకుపోవడం, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే కవాటం) సరిగా తెరుచుకోకపోవడం, వాటర్ పంప్ అరగడం వంటివి చూడాలి. అంతకుముందు ఒక గ్యారేజీలో రేడియేటర్ మొత్తం మార్చాలని అన్నారు. ఈ అంకెలు చూశాక ఆ ఖర్చుకు తొందరపడలేదు.

105 దాటినా ఫ్యాన్ తిరగలేదు, ఏసీ వేసినా కదలలేదు. ఇంజన్ ఆపి, ఫ్యూజ్ బాక్సులో ఫ్యాన్ రిలేను (ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్చును) తీసి, అదే నంబరున్న హారన్ రిలేను దాని చోట పెట్టి చూస్తే ఫ్యాన్ తిరిగింది; అంటే పాడైంది రిలేనే. విచిత్రమేమిటంటే, ఫ్యాన్ సర్క్యూట్‌కు చెందిన పీ0480 వంటి లోపం కోడ్ ఏదీ యాప్‌లో కనిపించలేదు. ఇంజన్ కంప్యూటర్ సాధారణంగా రిలేను పనిచేయించే కాయిల్‌ను మాత్రమే గమనిస్తుంది; ఫ్యాన్‌కు కరెంటు అందించే లోపలి కాంటాక్టులు కాలిపోయినా కాయిల్ బాగుంటే దాని దృష్టిలో అంతా సవ్యమే. అందువల్ల కోడ్ రాలేదంటే లోపం లేదని అనుకోకూడదు.

ఇంతకన్నా పెద్ద లోటు మరొకటి ఉంది. ఈ అడాప్టర్ సొంతంగా దేన్నీ కొలవదు, కారు సెన్సర్ చెప్పినదాన్నే మనకు వినిపిస్తుంది. కూలెంట్ కారిపోయి సెన్సర్ గాలిలో తేలితే, ఇంజన్ మాడిపోతున్నా తెర మీద మామూలు అంకె, ఒక్కోసారి తగ్గుతున్న అంకె కూడా కనిపించవచ్చు. మైనస్ 40 అని చూపితే అది సాధారణంగా సెన్సర్ తీగ తెగిందన్న సూచన. రేడియేటర్ మూత రబ్బరు పాడై ఒత్తిడి నిలవకపోవడం, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగం కింద ఉండే సీలు) పోయి కూలెంట్ ట్యాంకులో బుడగలు రావడం వంటివి కళ్లతో చూసి తెలుసుకోవలసినవే. ట్యాంకులో మట్టం చూడకుండా ఈ అంకెను నమ్మి దూరప్రయాణానికి బయలుదేరడం తగదు. ఇంజన్ వేడిగా ఉండగా మూత తిప్పితే మరుగుతున్న కూలెంట్ ఎగజిమ్ముతుంది కాబట్టి, ఆ పరీక్షంతా బండి పూర్తిగా చల్లారాకే చేయాలి.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. ఐఫోన్ వాడేవారు మామూలు బ్లూటూత్ రకాన్ని కాకుండా వైఫై లేదా బీఎల్ఈ (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్) రకాన్ని ఎంచుకోవాలి. కొన్ని కార్లలో ఆ సాకెట్‌కు తాళం తీసేసినా కరెంటు వస్తూనే ఉంటుంది. కారును రోజుల తరబడి కదల్చకుండా ఉంచేటట్లయితే బ్యాటరీ దిగిపోకుండా అడాప్టర్‌ను ఊడదీయడం మంచిది.